షావుకారు కొట్లో గంటసేపు ఉద్యోగం

సముద్రం వినపడకూడదట. కాకులు కూడా వినపడకూడదు. ఆటో హారన్లు, మనుషుల మాటలు, ఫ్యాను చప్పుడు ఎంతైనా ఉండొచ్చు, ఎందుకంటే నేను విశాఖపట్నంలో ఒక పెద్ద షోరూంలో పనిచేస్తున్నాను, ఎనిమిది నెలలుగా, నాకే తెలియకుండా. ఈ రోజు పదకొండుకీ పన్నెండుకీ మధ్య, ఈ శిక్షణకి డబ్బిచ్చే గవర్నమెంటు పైవాళ్ల దగ్గర్నుంచి ఫోనొస్తుంది, శిక్షణ అయ్యాక ఉద్యోగం వచ్చిందా తులసీ అని అడుగుతారు, వచ్చింది అని నేను చెప్పాలి. చెబితే హరిబాబు నా సర్టిఫికెట్లు నాకిస్తాడు. చెప్పకపోతే ఇవ్వడు. మా ఊళ్లో ఏ ఇంట్లో ఏ మూల కూర్చుని ఫోనెత్తినా వెనకాల సముద్రం హోరుమంటూనే ఉంటుంది కాబట్టి నన్ను పొద్దున్నే శ్రీకాకుళం రప్పించి, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నగరేశ్వరరావు గారి బట్టల కొట్లో, పరుపు మీద ఒక మూల కూర్చోబెట్టాడు. కొట్టు చప్పుడు కొట్టు చప్పుడులాగే ఉంటుందని. హరిబాబు నడిపే శిక్షణ కేంద్రం సరిగ్గా ఈ కొట్టు మీదే, రెండో అంతస్తులో ఉంది. దుకాణంలో అమ్మకాలు ఎలా చెయ్యాలో నిరుద్యోగులకు నేర్పే కేంద్రం. దుకాణం చప్పుడు కావాలంటే మాత్రం మెట్లు దిగి కిందికి రావాలి.

గోడ గడియారంలో పదకొండూ ఐదు. ఎదురుగా కన్యాకుమారి చీరలు మడతపెడుతోంది. ఈ కొట్లో ఆరేళ్లుగా పనిచేస్తోంది, ఎనిమిదో తరగతితో ఆపేసింది, చేరిన నాలుగో రోజుకల్లా ఏ అరలో ఏ చీరుందో కళ్లు మూసుకుని తీసేదట. నాలుగు రోజులు. మాకు మూడు నెలలు పట్టింది, పైగా మేం ఒక్క చీర కూడా చూడలేదు. హరిబాబు గల్లా దగ్గర కుర్చీలో కూర్చుని షావుకారు గారితో ఏదో మాట్లాడుతూ మధ్యమధ్యలో నా వైపు చూసి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఫోను గుర్తు చేస్తున్నాడు. తెలుసు బాబూ, ఫోనొస్తే ఎత్తాలని తెలుసు, ఆ మాత్రం మా అమ్మే నేర్పింది. అతని ఒళ్లో పసుపురంగు కవరుంది. అందులో నా పదో తరగతి మెమో, ఇంటరు, డిగ్రీ, కులం సర్టిఫికెట్టు ఉన్నాయి. కోర్సులో చేరిన రోజు ఒరిజినల్సు ఇవ్వాల్సిందేనన్నాడు, ఇవ్వకపోతే పిల్లలు మధ్యలో పారిపోతారట. పారిపోవాలనిపించే చోటని అతనికే అంత గట్టిగా తెలిసినప్పుడు నాకు ఆ రోజే తెలియాల్సింది. నా చేతిలో అతను రాసిచ్చిన కాగితం ఉంది, రాబోయే ప్రశ్నలు, చెప్పాల్సిన జవాబులు. మీ సూపర్వైజరు పేరేమిటి, కళ్యాణ్ గారు. మనిషెలాంటివాడు, చాలా సహకరిస్తారు. మధ్యాహ్నం భోజనం పెడతారా, పెడతారు, శుక్రవారం గుడ్డు. ఆ గుడ్డు దగ్గర నాకు నవ్వొచ్చింది. లేని కొట్లో, లేని కళ్యాణ్ గారు, లేని గుడ్డు పెడుతున్నాడు. నేను వద్దంటానా.

పైన మాకొక ల్యాబు ఉండేది. దుకాణాల ల్యాబు. ఇనప అరల నిండా ఖాళీ డబ్బాలు, టూత్‌పేస్టు డబ్బాలు, బిస్కెట్ డబ్బాలు, సబ్బు అట్టలు. వాటిని మేం సర్దేవాళ్లం, తీసేవాళ్లం, మళ్లీ సర్దేవాళ్లం. బిస్కెట్ డబ్బాల్లో ఏమీ లేదని ఎలకలకి కూడా మొదటి వారంలోనే తెలిసిపోయి రావడం మానేశాయి, మేం మాత్రం తొంభై రోజులూ వెళ్లాం. తనిఖీ వాళ్లు వస్తున్నారంటే ముందు రోజు సాయంత్రం ఏదో కిరాణా కొట్టు నుంచి నిజం సరుకు వచ్చేది, వాళ్లు వచ్చి ఫొటోలు తీసుకుని టిఫిను తిని వెళ్లగానే మళ్లీ ఆటోలో వెళ్లిపోయేది. ఆ రోజు హరిబాబు కోటు వేసుకునేవాడు, కోటు కింద హవాయి చెప్పులు. మాకు పాఠాలు చెప్పే ఝాన్సీ మేడమ్ నాకంటే ఏడాది చిన్నది. వినియోగదారుడు లోపలికి రాగానే తల కొద్దిగా వంచి, పెదవులు ఇంత వెడల్పు చేసి, గుడ్ మార్నింగ్ మేడమ్, హౌ మే ఐ హెల్ప్ యూ అనాలని చెప్పేది, ముప్పైమందిమీ లేచి గోడకి తల వంచేవాళ్లం. ఒకరోజు టీ తాగుతూ ఆవిడే చెప్పింది, తనూ ఇదే కోర్సు ముందు బ్యాచిలో చదివిందట, ఎక్కడా ఉద్యోగం దొరక్క ఇక్కడే మేడమ్ అయిందట. ఈ కోర్సుతో ఉద్యోగం వచ్చి అందులో నిలబడ్డ ఒకే ఒక్క మనిషి ఆవిడ, ఆ ఉద్యోగం ఈ కోర్సు చెప్పడం. నాకు జాలేసింది కానీ ఎంతో సేపు నిలవలేదు, ఎందుకంటే తర్వాత గంటలో ఆవిడ మళ్లీ పెదవుల వెడల్పు కొలవడం మొదలుపెట్టింది. కింద ఇంత కొట్టుంది కదా మేడమ్, ఇక్కడే మాకు ప్రాక్టీసు పెట్టించొచ్చు కదా అని అడిగాను. షావుకారు గారు ఒప్పుకోరట. నాలుగేళ్లలో నాలుగు మెట్ల వరసలు దిగి ఒక్కరూ ఈ కొట్లో చేరలేదు. ఒకసారి మెట్ల మీద ఆయన మాట నేనే విన్నాను.

"పైనోల్లనా? నాకొద్దు నాయనా. ఆల్లు నమస్కారం ఎట్టేలోపు బేరం ఎలిపోతాది."

పదకొండూ పన్నెండు. ఫోను రాలేదు. రేపు పది గంటలకి విజయనగరంలో నా సర్టిఫికెట్లు చూస్తారు. ఇది హరిబాబుకి తెలియదు, తెలియనివ్వను. శృంగవరపుకోట దాటాక కొండవారన ఒక పల్లెలో చిన్న పోస్టాఫీసు, అందులో అసిస్టెంటు పని, మూడో లిస్టులో నా పేరు వచ్చింది. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, పదో తరగతి మార్కులే. పదిహేనేళ్ల వయసులో, ఇంట్లో కరెంటు పోతే వలలు ఆరేసిన చోట వెలుతురుకి కూర్చుని చదివి తెచ్చుకున్న తొమ్మిది పాయింట్ ఎనిమిది. అంటే ఆ తర్వాత నేను చదివిన ఇంటరు, డిగ్రీ, ఈ మూడు నెలల పెదవుల వెడల్పు, అన్నీ ఒకెత్తు కూడా కాదు, లెక్కలోకే రావు. రేపటితో గడువు ఆఖరు. ఒరిజినల్ మెమో చూపించకపోతే లిస్టులో నా కింద పేరున్న మనిషిని పిలుస్తారు, అంతే, వాళ్లకి నామీద కోపమేమీ ఉండదు. ఈ కవరు కోసం పది రోజుల్లో మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ ఫోను అయ్యాకే అన్నాడు. ఎందుకంత తొందర అంటే చెప్పలేదు. చెబితే ఇచ్చేసేవాడేమో, అదే నా భయం. ఇవ్వడమే కాదు, మర్నాటికల్లా ఈ మెట్ల దగ్గర నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టేవాడు, మా కేంద్రంలో శిక్షణ పొంది తపాలా శాఖలో ఉద్యోగం సాధించిన మా విద్యార్థిని అని. నా పక్కన కోటు వేసుకుని తనూ నిలబడేవాడు. ఆ ఫ్లెక్సీ చూసి మా పక్క ఊరి పిల్లలు పాతికమంది చేరేవాళ్లు. ఆ పాపం నాకొద్దు.

చేతుల వంక చూసుకుంటే ఇప్పుడు వేళ్ల మీద గీతలున్నాయి. కోర్సులో మొదటి రోజు వేలిముద్రల మిషను నా వేలు ఒప్పుకోలేదు. పది వేళ్లూ పెట్టాను, పదీ ఒప్పుకోలేదు. చిన్నప్పటి నుంచి చేపలు తోమి, ఉప్పులో పిసికి, ముళ్లు గీరుకుని నా వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి, మా వాడలో ఆడవాళ్లందరికీ అంతే. హాజరు పడకపోతే సర్టిఫికెట్టు లేదన్నాడు హరిబాబు. నీ ఏళ్లకి గీతలు నేవేటే, ఏ దేశం దానివే అని అందరిముందూ అడిగాడు. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ దాలమ్మ నా రెండు చేతులూ తిప్పితిప్పి చూసి ఒక నిర్ణయం చేసింది.

"నాను సచ్చినా సేపలు ముట్టకే. ఉప్పు ముట్టకు, తాడు ముట్టకు. గీతలు మొలిసీదాకా గంప నానే మోస్తాను."

ప్రపంచంలో ఇంకెక్కడైనా జరుగుతుందో లేదో నాకు తెలియదు, పని నేర్చుకోవడానికి పని మానేయడం. రోజూ కొబ్బరినూనె రాసుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని దొరసానిలా కూర్చునేదాన్ని. అమ్మ ఒక్కతే తెల్లారకుండా ఒడ్డుకెళ్లి వేలం పాటలో చేపలు కొని, ఒక్కతే గంప సర్ది, ఒక్కతే ఎచ్చెర్ల రోడ్డు దాకా మోసేది. మూడో వారానికి మిషను నా చూపుడు వేలు ఒప్పుకుంది, క్లాసంతా చప్పట్లు కొట్టారు. ఐదో వారానికి అమ్మ కుడి భుజం పడిపోయింది. చెయ్యి పైకి లేవలేదు. బజారులో మా అమ్మ కూర్చునే చోటు మా అమ్మమ్మది, మెయిన్ గేటు పక్కన మూడోది, పొద్దున్నే నీడ పడుతుంది, వచ్చినవాళ్లు ముందు అక్కడే ఆగుతారు. ఆ బజారులో ఒక కట్టుబాటుంది, మూడు ఆదివారాలు వరసగా చోటు ఖాళీగా ఉంటే పక్కవాళ్లు జరిగి కూర్చోవచ్చు. తల్లికి ఒంట్లో బాగోకపోతే కూతురు కూర్చుంటుంది, అది కూడా కట్టుబాటే. నేను కూర్చోవాలి. ఆదివారాలు కూడా మాకు క్లాసు పెట్టారు, తనిఖీకి ముందు గంటలు తక్కువ పడ్డాయని, ఒక్క రోజు హాజరు పోతే సర్టిఫికెట్టు పోతుందన్నారు. అమ్మ కూడా వెళ్లొద్దంది, గీతలు మళ్లీ పోతాయని. మొదటి ఆదివారం పోయింది, రెండోది పోయింది. మూడో ఆదివారం నేను పైన రెండో అంతస్తులో ఖాళీ సబ్బు అట్టల ముందు నిలబడి, వినియోగదారుడిని ఎలా నిలుపుకోవాలి అనే పాఠం రాసుకుంటున్నాను. నాలుగో ఆదివారం పక్క చోటు కూర్మమ్మ మా చోట్లోకి జరిగింది. ఆవిడ తప్పు లేదు, కట్టుబాటు ప్రకారమే జరిగింది, మా అమ్మని అడిగే జరిగింది. ఇప్పుడు అమ్మ చివర కాలవ పక్కన కూర్చుంటోంది. అమ్మకం నేర్చుకోవడానికి వెళ్లి, అమ్ముకునే చోటు పోగొట్టుకొచ్చిన దాన్ని నేను. నన్ను నేను ఇంతకంటే మంచి మాటతో పిలుచుకోలేను.

పదకొండున్నర. హరిబాబు టీ తెప్పించాడు, నాకూ ఒక గ్లాసు పంపాడు. తాగాను, అతని టీ తాగితే నాకు చిన్నతనమేమీ లేదు. గౌరికి కూడా ఇలాగే టీ ఇచ్చి ఉంటాడు. గౌరి మా పిన్ని కూతురు, నాకంటే ముందు బ్యాచి. దాన్ని నిజంగానే ఉద్యోగానికి పంపారు, చెన్నై దగ్గర ఏదో ఫోన్ల ఫ్యాక్టరీకి, బస్సు మాట్లాడి, జెండా ఊపి. అమ్మకాలు నేర్చుకున్న పిల్ల ఫోన్లలో మరలు బిగించడానికి. రోజుకి పన్నెండు గంటలు నిలబడి, ఒక గదిలో పద్నాలుగుమంది పడుకుని, మాట తెలియక, నలభై రోజులకి కాళ్లు వాచి తిరిగొచ్చింది. చెప్పులు పట్టలేదు దానికి. తర్వాత ఇలాంటి ఫోనే వస్తే, హరిబాబు బతిమాలితే, పని చేస్తున్నానని చెప్పింది. పోనీలే పాపం సారు అనుకుందట, దానికి అందరిమీదా జాలే. ఆరు నెలల తర్వాత కుట్టుమిషను పథకానికి దరఖాస్తు పెడితే ఆఫీసులో కంప్యూటరు చూసి, నీకు చెన్నైలో ఉద్యోగం ఉంది కదమ్మా అన్నారు. లేదండి ఇదిగో ఇక్కడే ఉన్నాను అంటే, ఇక్కడ ఉంది కదా అని కంప్యూటరు చూపించారు. ఎదురుగా నిలబడ్డ గౌరికంటే కంప్యూటర్లో ఉన్న గౌరి వాళ్లకి నచ్చింది, ఆ గౌరి కాళ్లు వాయవు. ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలలు తీస్తోంది. దాని వేలిముద్రలు కూడా అరిగిపోయే ఉంటాయి ఈపాటికి, ఇంకే మిషనూ దాన్ని ఒప్పుకోదు. ఇవాళ నేను సరేనంటే నేనూ ఆ కంప్యూటర్లోకే వెళ్తాను, గౌరి పక్కనే, ఇద్దరం హాయిగా ఉద్యోగాలు చేసుకుంటూ. సరే అనకపోతే మెమో ఇక్కడే, ఆ ఒళ్లోనే. అందరికీ ఉన్న దారే నాకూ ఉంది, ఆ ఒక్క మాట అనేసి మెమో తీసుకుపోవడం. పొద్దున్న బస్సులో అదే అనుకున్నాను, ఇప్పుడూ అదే అనుకుంటున్నాను.

"ఏమ్మా, ఇదెంత పడుద్ది?"

ఎవరో పెద్దావిడ నా ముందు కూర్చుని ఉంది. కన్యాకుమారి లోపల గదిలో ఉంది, నేను పరుపు మీద ఉన్నాను కాబట్టి ఆవిడ నన్ను కొట్లో పిల్లననుకుంది. చేతిలో ముదురాకుపచ్చ చీర, అంచు ఎర్రది. నేనిక్కడి దాన్ని కాదండి అనబోయాను, నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"రేటుకేటమ్మా, ఉన్నదే కదా. ముందు లోపల సూడండి."

చీర ఆవిడ చేతిలోంచి తీసుకుని, కొంగు తిరగేసి, వెనక వైపు దారాలు పైకి పెట్టి చూపించాను. మా అమ్మ వంజరం మొప్ప ఎత్తి ఎరుపు చూపించినట్టు. చేప పై మెరుపు ఎవరైనా చూస్తారు, మొప్ప లోపల చూపించినవాళ్లనే కొనేవాళ్లు నమ్ముతారు. పోగులు ఎక్కడా తెగలేదు చూడండమ్మా, ముడులు దగ్గరగా ఉన్నాయి, రెండు ఉతుకులకి అంచు ముడుచుకోదు అన్నాను. ఎవరికి అని అడిగాను, కోడలికట, మొదటి పురుడుకి పుట్టింటికి వెళ్తోందట. అయితే ఎరుపంచు వద్దు, ఇదిగో ఈ పసుపంచుది తీసుకోండి, బిడ్డనెత్తుకుంటే బావుంటుంది అని నా వెనక దొంతరలోంచి తీశాను. ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూసింది. నేను మాట్లాడలేదు. ఆ టైములో మాట్లాడితే బేరం పోతుంది, అది ఎవరూ చెప్పలేదు నాకు, చిన్నప్పుడు గంప పక్కన కూర్చుని ఊరుకోవడం నేర్చుకున్నాను. ఆవిడ రెండూ తీసుకుంది. కన్యాకుమారి తెర పక్కన నిలబడి నోరు తెరుచుకుని చూస్తోంది. నేను తల వంచలేదు, పెదవులు వెడల్పు చెయ్యలేదు, మేడమ్ అనలేదు.

షావుకారు గారు గల్లా దగ్గర్నుంచి కళ్లజోడు పైకి తోసుకుని నన్ను చూశారు.

"ఎక్కడ నేర్సుకున్నావే గుంటా?"

"సేపల బజార్లో బాబూ. మా అమ్మ కాడ."

నా మాట పూర్తయిందో లేదో, హరిబాబు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"మా స్టూడెంటే సార్! మా బ్యాచే. సూశారా, మా ట్రైనింగంటే ఏటనుకున్నారు మరి. పైనోల్లు, పైనోల్లు అంటారు గదా మీరు."

ఇప్పుడే, నా కళ్లముందే, మా అమ్మ పడిపోయిన భుజాన్ని, మా అమ్మమ్మ చోటుని, నా నోట్లోంచి మాట ఇంకా ఆరకుండానే తీసుకెళ్లి జేబులో వేసుకున్నాడు. అంత తేలిక. సిగ్గు లేదు, దొంగతనమని తెలియదు కూడా, నిజంగానే నమ్మేశాడు, తనే నేర్పాడని. రేపట్నుంచి వస్తావేటే అని షావుకారు గారు సగం నవ్వుతూ అడుగుతున్నారు. వస్తాది సార్ ఎందుకు రాదు అని నా బదులు హరిబాబే చెబుతున్నాడు. ఇద్దరూ నా ఉద్యోగం గురించి మాట్లాడుకుంటుంటే నా చేతిలో ఫోను మోగింది. కొత్త నంబరు. పదకొండూ యాభై. హరిబాబు చెయ్యి ఊపాడు, ఎత్తు ఎత్తు అని. నేను కళ్యాణ్ గారి కాగితం ఒళ్లో పరుచుకుని, గొంతు సర్దుకుని, ఎత్తి హలో అన్నాను.

నమస్కారం, అంది ఒక ఆడగొంతు. నమస్కారమండి, అన్నాను. ఆ గొంతు నా నమస్కారం కోసం ఆగలేదు. నైపుణ్య శిక్షణ పూర్తి చేసుకున్నందుకు మీకు అభినందనలు, మీరు ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నట్లయితే ఒకటి నొక్కండి, ఉద్యోగంలో లేనట్లయితే రెండు నొక్కండి, మళ్లీ వినడానికి మూడు నొక్కండి. రికార్డు. మనిషి కాదు. నేను మూడు నొక్కాను, నమ్మకం కలగక. మళ్లీ నమస్కారం అంది, మళ్లీ అభినందించింది. కొట్టు చప్పుడు వినడానికి అవతల చెవే లేదు. కళ్యాణ్ గారు ఎలాంటివారో ఎవరూ అడగరు. నేను సముద్రం ఒడ్డున కెరటాల్లో మోకాలి లోతున నిలబడి ఎత్తినా సరిపోయేది. ఎనిమిది నెలల నుంచి కూడబెట్టుకున్న తిట్లున్నాయి నా దగ్గర, చెప్పనని తెలిసి కూడా కూడబెట్టుకున్నాను, ఏదో ఒక రోజు ఆ పైవాళ్లలో ఎవరో ఒకరు నా గొంతు వింటారని. అబద్ధం చెప్పడానికైనా ఒక మనిషిని ఇవ్వలేదు మాకు. నాకు నామీదే అసహ్యమేసింది, జవాబులు బట్టీ పట్టినందుకు. గల్లా దగ్గర హరిబాబు షావుకారు గారికి చేతులు తిప్పుతూ మా స్టూడెంటు గురించి ఇంకా చెబుతూనే ఉన్నాడు. నాకు గౌరి చెప్పులు పట్టని కాళ్లు కనబడ్డాయి. రెండు నొక్కాను. మీ సమాధానం నమోదైంది, ధన్యవాదాలు అంది.

"అయిపోనాదా? ఏటడిగినారు?"

"మిషను సార్. నంబరు నొక్కమన్నాది."

"ఒకటేనా?"

"ఒకటే."

అతని కళ్లలోకి చూసి చెప్పాను. నమ్మాడు. నమ్మకపోవడానికి అతనికి కారణం లేదు, నాలాంటి వాళ్లు అతను చెప్పినట్టే చేస్తారు. కవరు తీసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఇంత అర్జంటుగా దేనికే తల్లీ ఇవి?"

"సమ్మందం వచ్చినాది సార్. పెళ్లోరు సూస్తామన్నారు."

దీన్ని కూడా నమ్మాడు, ఇంకా తొందరగా. శుభం శుభం అన్నాడు. నేను కవరు విప్పాను. గంపలో ఎన్ని చేపలున్నాయో చూసుకోకుండా మా ఇంట్లో ఎవరూ డబ్బు ఇవ్వరు. డిగ్రీ ఉంది. ఇంటరు ఉంది. పదో తరగతి మెమో తీశాను. మెమో మీద, సరిగ్గా మార్కుల మీద, తొమ్మిది పాయింట్ ఎనిమిది మీద అడ్డంగా నీలం రంగు ముద్ర. కేంద్రం పేరు, బ్యాచి నంబరు, దాని కింద ఉద్యోగం పొందినది అని. ఆ అంకె ముద్ర కింద నుంచి తొంగి చూస్తోంది.

"ఇదేటి సార్?"

"ఏదీ? ఓ, అదా. ఫైలు క్లోజు సేసినప్పుడు జెరాక్సుల మీద కొట్టమన్నాను. తిన్నగా సూడకుండా ఒరిజినల్సు మీద కొట్టీసినట్టున్నారు. స్టాంపే గదే, ఏటైపోనాది ఇప్పుడు. పెళ్లోరు స్టాంపు సూస్తారేటి?"

అందరి మెమోల మీదా కొట్టి ఉంటారు. ముప్పైమంది, నాలుగేళ్ల బ్యాచిలు. ఫోను రాకముందే, ఎవరూ ఏ నంబరూ నొక్కకముందే మా అందరికీ ఉద్యోగాలు వచ్చేసి ముద్ర పడిపోయింది. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు, వచ్చిన కోపానికి దానికి చోటు లేకపోయింది. మళ్లీ పరుపు మీద కూర్చున్నాను.

"రాసియ్యండి."

"ఏటి రాయాల?"

"మీ కేంద్రం కాయితం మీద రాయండి. ఈ ముద్ర మా వల్ల పొరపాటున పడింది. ఈ అమ్మాయికి మా కేంద్రం ద్వారా ఇంతవరకు ఏ ఉద్యోగమూ రాలేదు. అంతే, రెండు ముక్కలు."

"మొదటి ముక్క సాల్దేటే?"

"సాలదు. ఉద్యోగం వచ్చినాదని ముద్రలో ఉన్నాది. రాలేదని మీ సేత్తో లేకపోతే ఆల్లు నన్నడుగుతారు."

"ఎవులు?"

"పెళ్లోరు."

అది నేను రాయలేను, అది రాస్తే నా బిల్లులకి దెబ్బ అని మొదలుపెట్టాడు. నేను గొంతు పెంచాను. మా బజారులో వేలం పాట పాడే గొంతు, ఒడ్డున అరిస్తే పడవ మీద వినబడే గొంతు. నా పదో తరగతి కాయితం పాడు చేసి రాసియ్యనంటాడేటమ్మా ఈ సారు అని కొట్లో ఉన్న ఆడవాళ్లందరినీ అడిగాను. చీరలు చూస్తున్నవాళ్లు చీరలు వదిలేశారు. రోడ్డు మీద పోయేవాళ్లు ఇద్దరు మెట్లెక్కి లోపలికి చూశారు. పచ్చచీర కొన్న పెద్దావిడ ఇంకా వెళ్లలేదు, లేచొచ్చి నా మెమో చేతిలోకి తీసుకుని, అయ్యో ఇంత మంచి మార్కుల మీదా అంది. షావుకారు గారు గల్లాపెట్టె మీద చేత్తో కొట్టారు.

"రాసిచ్చెయ్యవయ్యా బాబూ! బేరాల టైము."

హరిబాబు పైకెళ్లి కాగితం తెచ్చుకున్నాడు. గల్లా మీద పెట్టి రాశాడు. నేను పక్కనే నిలబడి చదువుతూ రాయించాను. ఏ ఉద్యోగమూ అన్నచోట తగిన ఉద్యోగమూ అని రాయబోయాడు, కొట్టేసి మళ్లీ రాయమన్నాను, కొట్టేసిన చోట చిన్న సంతకం కూడా పెట్టించాను. రేపు విజయనగరంలో ఈ కాగితం ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. ఒప్పుకోకపోతే ఆ కొండవార పల్లెకి ఇంకెవరో వెళ్తారు, నేను కాలవ పక్కన అమ్మ దగ్గర కూర్చుంటాను. అయినా ఇంత గవర్నమెంటు డబ్బు తిని, ఇన్ని ఫొటోలు తీసి, ఈ కేంద్రం నా గురించి రాసిన మొట్టమొదటి నిజం ఇది. సంతకం పెట్టాడు, తేదీ వేశాడు, గుండ్రటి సీలు కొట్టాడు. ఆరేదాకా ఊదాను. మెమో, కాగితం రెండూ కవరులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాను.

"సార్, నాను ఒకటి నొక్కలేదు. రెండు నొక్కినాను."

అతను పెన్ను మూత పెట్టడం ఆపాడు.

"కంగారు పడకండి. మీరిప్పుడు రాసినదే నానూ నొక్కినాను."

విజయనగరం బస్సు ఎన్ని గంటలకని కన్యాకుమారిని అడిగి, చెప్పులేసుకున్నాను.